తెల్లమొహం పిల్ల

గుర్రం ముందరి కాలు మడిచి తొడల మధ్య ఇరికించుకుని, ఆకురాయితో గిట్ట అంచు సమం చేస్తున్నాడు నాడాలు కొట్టే మేస్త్రి. కొరడా చప్పుడు అతనికి వినపడలేదు. తొడల మధ్య ఉన్న కాలు ఒక్కసారిగా బిగుసుకోవడం మాత్రం తెలిసింది. తలెత్తి చూశాడు.

గుర్రపుశాల వెనక గుండ్రటి దొడ్డిలో ఆడ గుర్రప్పిల్ల ఒకటి కంచెకు ఒళ్ళానించుకుని వణుకుతోంది. ఒళ్ళంతా ఇటుక రంగు. మొహం మాత్రం నుదుటి నుంచి కింది పెదవి దాకా సున్నం కొట్టినట్టు తెలుపు. కళ్ళు రెండూ లేత నీలం. రెండేళ్ళు నిండి నెల కూడా కాలేదు. దానికి పదడుగుల దూరంలో శిక్షకుడు కొరడా మళ్ళీ ఎత్తాడు.

ఈ శిక్షకుణ్ణి వెనకాల అందరూ కంచుగొంతు అంటారు. పేరు ఊరికే రాలేదు. అతను గేటు దగ్గర నిలబడి "హో" అన్నాడంటే మైదానం ఆ చివర పరిగెత్తే గుర్రం కూడా నాలుగు కాళ్ళూ నేలకు దిగ్గొట్టినట్టు ఆగిపోతుంది. అతని విద్యంతా గొంతులోనే ఉంది. కొరడా చేతిలో ఉంటుందే గాని, ఈ పిల్ల చేతికొచ్చేదాకా ఏడాదికి రెండుసార్లు కూడా లేచేది కాదు. ఇవాళ ఈ ఒక్క పూటలోనే మూడుసార్లు లేచింది. పిల్ల పిర్ర మీద పొడుగాటి వాత తేలింది.

శాల యజమానురాలు కంచె దగ్గరికి వచ్చి ఆగింది. ఆమెను చూడగానే శిక్షకుడు కొరడా దించాడు. చెమట తుడుచుకున్నాడు.

"నాలుగు నెలలమ్మగారూ! నడవమంటే నిలబడుతుంది. నిలబడమంటే నడుస్తుంది. పిలిస్తే వీపు తిప్పి గోడకేసి చూస్తుంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది నా బతుకు. చూడండి, ఆ తెల్లమొహం వేసుకుని ఎలా చూస్తోందో!"

మేస్త్రికి ఆ మాటలు సగం చెవిన పడ్డాయి. మిగతా సగం శిక్షకుడి పెదాల మీద చదువుకున్నాడు. 'చెవిటివాడు' అన్న దగ్గర గుండె ఝల్లుమంది. తన గురించి కాదని తెలిశాక మళ్ళీ ఆకురాయి మీదకి చెయ్యి పోయింది. ఆ మాట ఎవరి నోట వచ్చినా కొన్నేళ్ళుగా అతనికి అలాగే అవుతోంది. ముప్పయ్యొక్కేళ్ళు దాగలి దిమ్మె మీద సమ్మెట మోగిన చెవులు అవి. మొదట పిట్టల కూతలు పోయాయి, తర్వాత పక్కగదిలో మాటలు, ఆ తర్వాత వెనక నుంచి పిలిచే పిలుపులు. ఎవరికీ చెప్పలేదు. గుర్రం కడుపు కింద దూరే పని తనది. ఎవరైనా "తప్పుకో!" అని కేకేస్తే ఆ క్షణంలో తప్పుకోవాలి. వినపడనివాణ్ణి ఆ పనికి ఎవరు పిలుస్తారు?

"ఇంకెందుకు, ఆదివారం సంతకి తోలెయ్యండి" అంది యజమానురాలు. "బండికి కొంటారో, కోతకి కొంటారో, కొన్నవాళ్ళిష్టం. మనం చెయ్యగలిగింది చేశాం."

ఆమె తిరిగి వెళ్ళబోతుంటే మేస్త్రి గుర్రం కాలు నేల మీదకి దించాడు. నడుం పట్టుకుని లేచాడు. ఏం అనబోతున్నాడో అతనికే సరిగ్గా తెలియదు.

"నాకివ్వండమ్మా."

"నీకా?" ఆమె నవ్వింది. "గుర్రాలకి చెప్పులు కుట్టేవాడివి, నీకు గుర్రమెందుకు మేస్త్రీ?"

"ఇన్నేళ్ళూ అందరి గుర్రాల కాళ్ళూ పట్టుకున్నాను. నా గుర్రం కాలు కూడా ఒకసారి పట్టుకుంటాను."

కంచుగొంతు పెద్దగా నవ్వాడు. ఆ నవ్వు మాత్రం మేస్త్రికి స్పష్టంగా వినిపించింది. "తీసుకెళ్ళనివ్వండమ్మగారూ. తన్నించుకున్నాక తనే తిరిగి తెస్తాడు."

"తిరిగి తేవద్దు" అంది యజమానురాలు. "ఇస్తే ఇచ్చేసినట్టే."

*

ఇంటిదాకా రెండు మైళ్ళు. పిల్ల తలపట్టీకి కట్టిన తాడు మేస్త్రి చేతిలో వదులుగానే ఉంది. అది లాగలేదు, మొరాయించలేదు. అతని మోచేతి పక్కనే మూతి పెట్టుకుని, అతని మొహంకేసి చూస్తూ నడిచింది. అతను రోడ్డు పక్కకి చూస్తే అదీ పక్కకి చూసింది. అతను చూపు దించితే అదీ తల దించింది. ఇంత మంచిదాన్నా కొట్టారు అనుకున్నాడు మేస్త్రి.

ఇంటి ముందుగదిలో అతని భార్య ఇస్త్రీ చేస్తోంది. ఆ గదే ఆమె దుకాణం. వీధి వైపు కిటికీలోంచి బట్టల మూటలు లోపలికొస్తాయి, మడతలు పడి బయటికెళ్తాయి. కిటికీలో గుర్రం తల కనపడగానే ఆమె ఇస్త్రీపెట్టె నిలబెట్టింది.

"ఎవరిదది?"

"మనదే."

"మనదా?" ఆమె బయటికొచ్చి పిల్లను మూతి నుంచి తోక దాకా చూసింది. "పోయిన నెల పిల్లిపిల్లని తెచ్చుకుందామంటే ఇల్లు ఇరుకన్నావు!"

"పెరట్లో ఉంటుందిలే."

"నువ్వూ పెరట్లోనే ఉంటావా దానితోపాటు?" అంది గాని, మాట అంటూనే చేత్తో పిల్ల మెడ మీది దుమ్ము దులిపింది. వాత దగ్గర ఆమె చెయ్యి ఆగింది. లోపలికెళ్ళి తడిగుడ్డ తెచ్చింది.

పెరట్లో పాత కొలిమి కొట్టం ఉంది. సగం కొట్టంలో దాగలి, కొలిమి, పనిముట్లు. మిగతా సగం ఖాళీ చేసి గడ్డి పరిచాడు మేస్త్రి. మర్నాడు పొద్దున్నే పిల్లను కొట్టం ముందున్న ఖాళీ జాగాలోకి తెచ్చి శిక్షణ మొదలుపెట్టాడు.

గుర్రం కాళ్ళ గురించి అతనికి తెలియంది లేదు. గుర్రానికి చదువు చెప్పడం మాత్రం తెలియదు. కంచుగొంతు ఎలా నిలబడతాడో అలా నిలబడ్డాడు, కాళ్ళు ఎడంగా పెట్టి, రొమ్ము విరిచి. పొట్టలోంచి గాలి తీసి "హో!" అన్నాడు. పిల్ల నడుస్తూనే ఉంది. ఇంకా గట్టిగా అన్నాడు. అది గోడ దగ్గరికి పోయి, గోడకేసి చూస్తూ నిలబడింది. "రా!" అన్నాడు. రాలేదు. మధ్యాహ్నం దాకా అరిచి అరిచి గొంతు బొంగురు పోయింది. గోడ మీంచి పక్కింటివాళ్ళు తొంగి చూశారు.

భార్య మంచినీళ్ళ చెంబు తెచ్చి, చుట్టూ తిరిగి అతని ఎదురుగా వచ్చి నిలబడింది. "నీ కేకలకి వీధి వీధంతా ఆగిపోయింది. అదొక్కటే ఆగలేదు."

రెండోరోజు ఇంకొంచెం చెడింది. గోడకేసి చూస్తున్న పిల్ల దగ్గరికి వెనక నుంచి వెళ్ళి, "ఇదిగో, వస్తున్నా" అంటూ పిర్ర మీద చెయ్యి వేశాడు. చెయ్యి పడీ పడకముందే వెనక కాళ్ళు రెండూ లేచాయి. ఒక గిట్ట అతని తొడను రాసుకుని పోయి కొట్టం తలుపు చెక్కను చీల్చింది. మేస్త్రి బోర్లించిన బకెట్టు మీద కూలబడి తొడ పట్టుకున్నాడు. పిల్ల మూలకి పోయి అతని కన్నా ఎక్కువగా వణుకుతోంది. కొట్టడానికి ఎవరైనా వస్తారేమోనని కళ్ళు తెల్లగుడ్లు కనపడేలా తిప్పుతోంది. అతను లేవలేదు. కొట్టాలని అనిపించలేదు గాని, కంచుగొంతు చెప్పిందే నిజమేమో అన్న ఆలోచన మాత్రం మొదటిసారి వచ్చింది. మంచి నడక, మంచి గిట్టలు, మొండి బుర్ర. కొన్ని అంతే పుడతాయేమో.

*

మూడోరోజు ఎవరి గుర్రానికో నాడాలు చెయ్యాల్సి వచ్చింది. కొలిమి రాజేసి, ఇనపకడ్డీ ఎర్రగా కాలాక దాగలి మీద పెట్టాడు. కొత్తచోటు, పక్కనే దాగలి మోత. పిల్ల బెదిరి కట్టు తెంచుకుంటుందేమోనని ముందే తాడు విప్పేసి తలుపు తెరిచి ఉంచాడు. సమ్మెట ఎత్తి కొట్టాడు.

కొట్టం కప్పు మీది పావురాలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. గోడ అవతల పక్కింటి కుక్క నోరు తెరిచి మూస్తోంది. మొరుగుతోందన్నమాట. పిల్ల అతనికి వీపు పెట్టి గడ్డి తింటోంది. దవడ ఆగలేదు. చెవి కదల్లేదు.

సమ్మెట ఇంకోసారి కొట్టి, ఆ చెవులనే చూశాడు మేస్త్రి. గుర్రం చెవులు క్షణం కుదురుగా ఉండవు. ఒకటి ముందుకైతే ఒకటి వెనక్కి, ఆకు రాలినా అటు తిరుగుతాయి. ముప్పయ్యొక్కేళ్ళుగా వందల గుర్రాల చెవులు చూసి, అవి ఎటు తిరిగితే అటు ఏదో చప్పుడైందని తను తెలుసుకుంటున్నాడు. ఈ పిల్ల చెవులు రెండూ పక్కలకి వాలి, వాడిన ఆకుల్లా ఊరికే ఉన్నాయి.

అప్పుడే పెరటి తలుపులోంచి భార్య బకెట్టుతో వచ్చింది. ఆమె నీడ గోడ మీద పడింది. పడీ పడగానే పిల్ల గిరుక్కున తిరిగింది.

మేస్త్రి సమ్మెట కింద పెట్టేశాడు. గోడకేసి ఎందుకు చూస్తుందో అర్థమైంది. వెనక ఎవరొస్తున్నారో దానికి గోడ చెబుతోంది. మంగలి దుకాణంలో తను అద్దానికి ఎదురుగా ఉన్న కుర్చీ ఖాళీ అయ్యేదాకా వంతు వదులుకుని ఎందుకు నిలబడతాడో, ఇదీ అందుకే.

నెమ్మదిగా వెళ్ళి, నీడ పడని చోట దాని వెనక దూరంగా నిలబడ్డాడు. ఇనపపళ్ళెం తీసుకుని పట్టకారుతో మోగించాడు. భార్య చెవులు మూసుకుంది. పిల్ల తింటూనే ఉంది. పళ్ళెం పక్కన పెట్టి, దాని కాళ్ళ కిందిదాకా పరిచిన చెక్కను బూటుకాలితో ఒక్కసారి తొక్కాడు. పిల్ల తలెత్తింది. వెనక్కి తిరిగి నేరుగా అతనికేసి చూసింది.

కళ్ళలో నీళ్ళొచ్చాయి అతనికి. ఇదే పిల్లని ఇన్నాళ్ళూ వినమని కొట్టారు.

ఆ సాయంత్రం ముందుగదిలో భార్య చొక్కా కాలర్ ఇస్త్రీ చేస్తుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు.

"దానికి వినపడదు" అన్నాడు. "పుట్టుకతోనేమో. మొండి కాదు, పొగరు కాదు. అసలు ఏమీ వినపడదు."

భార్య ఇస్త్రీపెట్టె నడుపుతూనే, "అవునా పాపం!" అంది. చొక్కా తిప్పింది. తలెత్తి, అతనికి పెదాలు కనపడేలా చెప్పింది. "మరి నీకో?"

అతనికి చెంపలు వేడెక్కాయి. "నాకేం?"

"నాలుగేళ్ళయింది నాకు తెలిసి. అంతకు ముందు నుంచే ఉందేమో నువ్వే చెప్పాలి."

"ఎవరు చెప్పారు నీకు?"

"ఒకరు చెప్పాలా? నీతో మాట్లాడాలంటే చుట్టూ తిరిగి నీ ఎదురుగా వచ్చి నిలబడుతున్నానే, నాకు తిరగడం సరదా అనుకున్నావా? పెరట్లోకొస్తే గుమ్మం మీద కాలితో ఎందుకు తన్నుతాననుకున్నావు? నువ్వు ఉలిక్కిపడి సమ్మెట వేలి మీద కొట్టుకుంటావని. అమ్మాయి ఫోన్ చేస్తే 'నాన్న స్నానంలో ఉన్నాడు' అని ఎన్నిసార్లు చెప్పానో. అది కూడా అడిగింది, నాన్నేంటమ్మా రోజంతా స్నానమే చేస్తాడా అని."

తను దాచానని అనుకున్నదంతా ఈమె ఎదురుగా నిలబడి మోసుకొస్తోంది. కోపం రావాలి, రాలేదు. చిన్నపిల్లాడిలా అడిగాడు.

"మరి చెప్పొచ్చుగా నాతో?"

"చెప్పాను" అంది ఆమె. "నీకు వినపడలేదు."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ముందు ఆమె నవ్వింది. తర్వాత అతనూ నవ్వాడు, ఇస్త్రీ వాసన కమురు వాసనయ్యేదాకా. ఆమె గబుక్కున పెట్టె ఎత్తింది. ఎవరిదో చొక్కా కాలర్ మీద గోధుమరంగు మచ్చ పడింది.

*

ఆ తర్వాత రెండు రోజులూ మేస్త్రి నోరు విప్పకుండా చదువు చెప్పాడు. చెక్కను తొక్కితే ఇటు చూడు. అరచెయ్యి ఎత్తితే ఆగు. చెయ్యి పక్కకి దించి వేళ్ళు కదిపితే నడు. వెనక నుంచి వచ్చేటప్పుడు ముందు దూరం నుంచే నేలను తొక్కడం, ఆ పైన మెడ దగ్గర్నించి వీపు మీదుగా చెయ్యి ఎత్తకుండా జరుపుతూ రావడం. వీటిలో చాలావాటిని అతను కొత్తగా కనిపెట్టలేదు. తనకి ఇంట్లో జరుగుతున్నవే దానికి చేశాడు. పిల్ల ఒకసారి చూపిస్తే రెండోసారికి పట్టుకుంది. ఆకలిగొన్నవాడు అన్నం తిన్నట్టు నేర్చుకుంది. రెండోరోజు సాయంత్రానికి నాలుగు కాళ్ళూ ఒక్కొక్కటే అతని ఒళ్ళో పెట్టి, అతని వీపు మీద గడ్డం ఆనించి నిలబడింది.

ఆరో రోజు గుర్రపుశాలలో పని. రెండు గుర్రాలకు నాడాలు మార్చాలి. మొదటిది అయిపోయి రెండోదాని వెనక కాలు ఒళ్ళో పెట్టుకున్నాక, దొడ్డిలో కొత్త పిల్లను చూశాడు. మగపిల్ల, ఏడాదిది. అదే తల్లి బిడ్డ. అదే సున్నపు మొహం, ఒక కన్ను నీలం, ఒకటి గోధుమ. మధ్యలో కంచుగొంతు. నోరు తెరుచుకోవడం, మెడనరాలు ఉబ్బడం కనిపిస్తోంది. పిల్ల కంచె నీడనే చూస్తూ నిలబడి ఉంది. దాని చెవులు రెండూ పక్కలకి వాలి ఉన్నాయి.

మేస్త్రి ఒక మేకు కొట్టాడు. రెండోది కొట్టాడు. మూడో మేకు నోట్లోనే ఉండిపోయింది.

చెబితే ఎలా తెలుసని అడుగుతారు. ఎలా తెలుసో చెబితే ఈ శాల గడప ఇక తొక్కనివ్వరు. అతని సంపాదనలో సగానికి పైగా ఇక్కడిదే. చెప్పకపోతే ఆదివారాలు వస్తూనే ఉంటాయి, సంతలు జరుగుతూనే ఉంటాయి. ఆ పిల్లను అడిగి తెచ్చుకోవడానికి పెరట్లో ఇంకో చోటు లేదు.

కంచుగొంతు చెయ్యి కొరడా మీదకి పోయింది.

మేస్త్రి నోట్లోని మేకు ఉమ్మేసి, గుర్రం కాలు దించి, నడుముకి కట్టిన తోలు ముందుపట్టీతోనే దొడ్డిలోకి నడిచాడు. పిల్లకీ కొరడాకీ మధ్య నిలబడ్డాడు.

"దానికి వినపడదు మాస్టారూ."

"ఏంటి?"

"చెవుడు. దీని అక్కకీ అంతే. మనం మొండి అనుకున్నాం."

"నాకు చెప్తున్నావా గుర్రాల గురించి?" కంచుగొంతు మొహం ఎర్రబడింది. "ముప్పయ్యేళ్ళ నించి ఇదే పని నాది. గుర్రానికి చెవుడుంటే నాకు తెలీదా? నీకెలా తెలిసిందో?"

ఈలోగా యజమానురాలు కూడా వచ్చింది. ముగ్గురూ ఎదురెదురుగా ఉన్నారు. ఇద్దరి పెదాలూ మేస్త్రికి బాగా కనపడుతున్నాయి.

"నాకూ వినపడదు కాబట్టి తెలిసింది" అన్నాడు.

మేస్త్రి ఆగలేదు. ఆగితే మళ్ళీ నోరు పెగలదని తెలుసు. "మీరు మాట్లాడుతుంటే మీ పెదాలు చూస్తాను. వెనకెవరైనా ఉన్నారా అని నీడ చూస్తాను. అదీ అదే చేస్తోంది. కావాలంటే దాని వెనక డబ్బా మోగించి చూడండి."

కంచుగొంతు దాణా డబ్బా తెచ్చాడు. పిల్ల వెనక నిలబడి, డబ్బా మీద కర్రతో బాదాడు. శాలలో గుర్రాలన్నీ తలలు బయటికి పెట్టాయి. పిల్ల కంచె నీడకేసే చూస్తోంది. అతను దగ్గరికి జరిగి తన గొంతుతో, ఊరంతా ఎరిగిన ఆ గొంతుతో, దాని చెవి పక్కనే "హో!" అన్నాడు. ఊపిరి వెచ్చగా తగిలి పిల్ల తిరిగి చూసింది. చూసి, కొడతాడేమోనని మోకాళ్ళు వంచింది.

డబ్బా కంచుగొంతు చేతిలోంచి జారి కిందపడింది. "అయ్యో!" అన్నాడు. "అయ్యో, నాలుగు నెలలు కొట్టాను దీని అక్కని!" పక్కకి తిరిగిపోయాడు. ఆ తర్వాత ఏమన్నాడో మేస్త్రికి తెలియలేదు.

యజమానురాలు పిల్లకేసి కాదు, మేస్త్రికేసి చూస్తోంది. "పోయిన నెల నల్ల మగగుర్రం కింద ఉన్నావు. నేను తప్పుకోమని అరిచాను. నువ్వు తప్పుకున్నావు కూడా."

"మీ అరుపు వినలేదమ్మా. దాని కడుపు బిగుసుకుంటే తప్పుకున్నాను."

"ఒక్క క్షణం ఆలస్యమైతే?"

దానికి జవాబు ఇద్దరికీ తెలుసు.

"నాతో చెప్పాల్సింది మేస్త్రీ." ఆమె గొంతులో కోపం ఉందో లేదో తెలియదు గాని మొహంలో మాత్రం భయం కనిపించింది. "ఇవాళ్టికి వెళ్ళు. నేను ఆలోచించుకోవాలి."

"ఆ గుర్రానికి ఒక కాలు సగంలో ఉందమ్మా. రెండు మేకులతో నాడా ఊగుతూ ఉంటే కాలు పాడవుతుంది. అదొక్కటి పూర్తి చేసి వెళ్తాను."

ఆమె తల ఊపింది. అతను వెళ్ళి వంగి గుర్రం కాలు మళ్ళీ ఒళ్ళోకి తీసుకున్నాడు. మేకు సూటిగా నిలవడం లేదు. అంతలో భుజం మీద ఒక చెయ్యి పడింది. కంచుగొంతు. ముందుకెళ్ళి గుర్రం తలపట్టీ పట్టుకుని, మేస్త్రికి తన మొహం కనపడే చోట నిలబడ్డాడు. చివరి మేకు వంచి, ఆకురాయితో నునుపు చేసేదాకా అక్కడే ఉన్నాడు.

*

మూడు రోజులు శాల నుంచి కబురు లేదు. మేస్త్రి ఇంట్లో భార్యతో మామూలుగానే ఉన్నాడు, పిల్లతో మామూలుగానే ఉన్నాడు. ఖాళీ చేతులతో పనిముట్లన్నీ మళ్ళీ మళ్ళీ నూనె రాసి తుడిచాడు. "ఇనుము అరిగిపోతుంది, ఇక వదిలెయ్" అంది భార్య.

నాలుగోరోజు పొద్దున పెరట్లో పిల్ల తలెత్తి గేటుకేసి చూసింది. మేస్త్రి కూడా చూశాడు. కంచుగొంతు గేటు బయట నేలను బూటుతో తొక్కుతున్నాడు, ఇద్దరూ తనకేసి చూసేదాకా. లోపలికొచ్చి, మేస్త్రి ఎదురుగా నిలబడి, నోరు బారుగా తెరిచి ఒక్కొక్క మాటే పలికాడు.

"అమ్మ. గారు. చెప్పారు."

"మామూలుగా మాట్లాడండి మాస్టారూ. అలా సాగదీస్తే పెదాలు వంకర పోతాయి, ఏమీ తెలీదు."

కంచుగొంతు నవ్వి తల గోక్కున్నాడు. కబురు చెప్పాడు. నల్ల మగగుర్రం, తన్నే అలవాటున్న రెండు ఆడగుర్రాలూ ఇక వేరే మేస్త్రికి వెళ్తాయి. అందులో మార్పు లేదు. మిగతావన్నీ ఇతనివే. అయితే ఎప్పుడూ ఒక మనిషి గుర్రం తల దగ్గర, ఇతనికి కనపడే చోట నిలబడాలి.

నల్లగుర్రం పోయిందనగానే మేస్త్రి మనసు చివుక్కుమంది. ఆ శాలలో అన్నిటికన్నా మంచి గిట్టలు దానివి. "సరే" అన్నాడు. "ఎవరు నిలబడతారు?" అని అడిగాడు.

"నేనే. ఇంకెవరు?" కంచుగొంతు పిల్లకేసి చూశాడు, దగ్గరికి పోలేదు. "దీన్ని అమ్మగారు మళ్ళీ అడుగుతారేమో అనుకున్నాను. అడగలేదు. ఇస్తే ఇచ్చేసినట్టే అన్నారు. కానీ... దీని తమ్ముడు ఉన్నాడు కదా. వాడికి ఏం చెప్పాలో, ఎలా చెప్పాలో నాకు తెలీదు. ఈ వయసులో మళ్ళీ ఓనమాలు. నేర్పుతావా?"

మేస్త్రి పిల్ల తాడు అతని చేతికిచ్చాడు. కంచుగొంతు దాని ముందుకొచ్చి అరచెయ్యి ఎత్తాడు. పిల్ల చెవుల దాకా బిగుసుకుపోయింది. ఆ చెయ్యి దానికి గుర్తుంది. కంచుగొంతు చెయ్యి దించేసి, తల వంచుకుని, అలాగే నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. ఎండ గోడ మీంచి కిందికి దిగింది. చివరికి పిల్ల ఒక అడుగు ముందుకేసి, అతని చొక్కా గుండీ మూతితో ముట్టుకుని, వెంటనే వెనక్కి వెళ్ళిపోయింది.

"ఇవాళ్టికి ఇది చాలు" అన్నాడు మేస్త్రి.

"చాలు, చాలు" అన్నాడు కంచుగొంతు. కళ్ళు తుడుచుకున్నాడు. "దీన్ని శాలకి తీసుకెళ్దామా? తమ్ముడి పక్కన నిలబెడితే వాడు దీన్ని చూసి నేర్చుకుంటాడేమో."

ముగ్గురూ బయల్దేరారు. భార్య కిటికీలోంచి, "మధ్యాహ్నానికి వచ్చెయ్యండి!" అంది. కంచుగొంతు మేస్త్రి మోచెయ్యి తట్టి ఆ మాట అందించాడు. ఊరు దాటాక రోడ్డు సన్నబడింది. కంచుగొంతు బూటులోని రాయి తీసుకోవడానికి వెనక ఆగాడు. మేస్త్రీ పిల్లా రోడ్డు మధ్యగా, ఒకే నడకతో ముందుకు పోతున్నారు. పొద్దుటి ఎండ ఎదురుగా ఉంది, నీడలు వెనక పడుతున్నాయి.

ఉన్నట్టుండి పిల్ల తల పైకెత్తింది. ముందు కాళ్ళ గిట్టలు నేలను తడిమినట్టు ఒకసారి ఆడాయి. తర్వాత భుజంతో మేస్త్రిని గట్టిగా నెట్టింది. అరచెయ్యి ఎత్తాడు అతను, ఆగమని. అది ఆగలేదు. రోడ్డు దిగిపోయి గడ్డిలోకి, తాడుతో సహా అతన్ని లాక్కుపోయింది. బురదలో మోకాళ్ళ మీద పడ్డాడు మేస్త్రి.

వెనక నుంచొచ్చిన పెద్ద లారీ పక్కగా దూసుకుపోయింది. గాలికి అతని తల మీది గుడ్డ ఎగిరిపోయింది. లారీ కొంత దూరం పోయి ఆగింది. వెనక నుంచి కంచుగొంతు చేతులూపుకుంటూ పరిగెత్తుకొస్తున్నాడు. ఎంత గట్టిగా అరిచాడో, మొహం చూస్తేనే తెలుస్తోంది.

డ్రైవర్ కిటికీలోంచి నడుం దాకా బయటికి వంగి, చేతులు తిప్పుతూ తిడుతున్నాడు. అంత దూరం నుంచి కూడా ఆ పెదాలు చదవడం కష్టం కాలేదు.

"ఎంతసేపు హారన్ కొట్టాలి? చెవుడా నీకు?"

మేస్త్రి పిల్ల మెడ పట్టుకుని లేచాడు. మోకాళ్ళ మీది బురద దులుపుకున్నాడు. ఆ మాటకు గుండె ఝల్లుమంటుందేమోనని ఒక్క క్షణం చూసుకున్నాడు. అలాంటిదేమీ జరగలేదు.

"అవునయ్యా!" అని గట్టిగా కేకేశాడు. "ఇద్దరికీ!"